కార్తీకంలో పదకొండు ఫైళ్ళు

ప్రిన్సిపాల్ గారు పిలిచి నన్ను కమిటీలో వేశామని చెప్పిన రోజు నా ఎడమ మోకాలికి కట్టు ఉంది. ముందురోజు సాయంత్రం కబడ్డీ ప్రాక్టీసులో రైడర్ చీలమండ పట్టుకోబోయి గరుకు నేల మీద పడ్డాను. పసుపు రాసి కట్టిన గుడ్డ మీదికి దుపట్టా లాక్కుంటూ నిలబడితే ఆయన ఒక కాగితం చేతికిచ్చి, "చదువుకో అమ్మా, ఏడాది పని" అన్నారు.

విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ అది. 2023లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) తెచ్చిన నిబంధనల ప్రకారం ఏర్పడింది. ఒక ప్రొఫెసర్ అధ్యక్షులు, నలుగురు సీనియర్ అధ్యాపకులు సభ్యులు. విద్యార్థుల వైపు నుంచి ఒక్కరిని ప్రత్యేక ఆహ్వానితులుగా కూర్చోబెడతారు. చదువులోనో ఆటల్లోనో ఇతర కార్యక్రమాల్లోనో ముందున్నవాళ్ళని చూసి తీసుకుంటారు. నన్ను కబడ్డీ చూసి తీసుకున్నారు. ఓట్లు అడగలేదు, పోస్టర్లు అంటించలేదు. అందుకే మొదటి వారం రోజులూ ఒకటే గుబులు. నన్నెవరూ ఎన్నుకోలేదు కదా, ఎవరి తరఫున మాట్లాడాలి?

మాది ఒడిశాలో గోపాల్‌పూర్ వైపు సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. నాన్న వేటకెళ్తాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు బరంపురం కాలేజీలో పాఠాలు సగం ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం వేసవి సెలవుల్లో ఇచ్ఛాపురంలో మా పెద్దత్త ఇంటి అరుగు మీద నేర్చుకున్నాను. మా హాస్టల్లో నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. మాటకి తెలుగు, కాగితానికి ఒడియా.

ఆ రాత్రి నిబంధనలు రెండుసార్లు చదివాను. ఫిర్యాదు అందిన నాటి నుంచి పదిహేను పని దినాల్లో కమిటీ తన సిఫారసులతో నివేదిక ఇవ్వాలి. సభ జరగాలంటే అధ్యక్షులతో కలిపి ముగ్గురు ఉండాలి. ఆ ముగ్గురిలో నేను లెక్కకి రాను. నేను ఉన్నా లేకపోయినా సభ జరిగిపోతుంది. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. నేను వెళ్ళకపోతే అక్కడ ఏ లోటూ కనపడదంటే, తప్పకుండా వెళ్ళి తీరాలని నాకు అప్పుడే అనిపించింది.

మొదటి ఫిర్యాదు మూడో రోజు రాత్రి మెస్ మూసేశాక వచ్చింది. ఫస్టియర్ అమ్మాయి, నాలాగే సముద్రం వైపు నుంచి వచ్చిన పిల్ల. తలుపు దగ్గరే నిలబడి "అక్కా, నా స్కాలర్‌షిప్ పడలేదు" అంది. రమ్మంటే వచ్చి మంచం మీద మూడు కాగితాలు పరిచింది. ఆధార్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం. పక్కపక్కన పెట్టి చూస్తే అవి ముగ్గురు వేరే మనుషులవి.

ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, అదీ ఒక్క అక్షరమూ చుక్కా. సర్టిఫికెట్లో అదే ఇంటిపేరు పూర్తిగా విప్పి చివర్న పెట్టారు, మధ్యలో ఉండాల్సిన 'అమ్మ' ఎగిరిపోయింది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు, పేరు పక్కన 'కుమారి' అని ఉంది. ఆధార్ కార్డు అంచు ప్లాస్టిక్ ఊడిపోతే సెల్లోటేపు అంటించుకుంది. పుట్టిన తేదీ కాగితం అడిగితే లేదంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి వాళ్ళ ఇంట్లో ట్రంకుపెట్టె నిండా ఉప్పునీళ్ళు. అప్పటికి ఆ పిల్లకి ఆరేళ్ళు. తెల్లారి వాళ్ళమ్మ కాగితాలన్నీ ఇసుక మీద ఆరబెడితే, సిరా కరిగిపోయి తెల్లగా ఎండాయట.

ఈ పేర్ల గొడవ బయటివాళ్ళకి చిన్నదిగా కనిపిస్తుంది. మాకు అది కాదు. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందుంటుంది. ఒడిశాలో వెనక రాస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ గంజాం జిల్లా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఊళ్ళు ఇటు వచ్చాయి, ఇళ్ళలో పేర్లు పెట్టే పద్ధతి మాత్రం పాతదే నిలిచింది. పైగా ఒడియాలో రాసేటప్పుడు మన 'వ' చాలాసార్లు 'బ' అయిపోతుంది. దాన్ని చూసి ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఒకరు 'వి' వేస్తారు, ఒకరు 'బి' వేస్తారు. పేరు చివరి 'అమ్మ'ని ఒకరు ఉంచుతారు, ఒకరు తీసేస్తారు. మనిషి ముందుంటే ఇవేవీ అడ్డం కాదు. స్కాలర్‌షిప్ పోర్టల్‌కి మనిషి ముందు ఉండదు కదా.

మర్నాటి నుంచి గది గదికీ వెళ్ళి అడిగాను. ఎవరికి డబ్బు పడలేదు, ఏ కాగితంలో పేరెలా ఉంది. ఒక్కరు కాదు, పదకొండు మంది తేలారు. అందులో ఇద్దరు ఒడియా అమ్మాయిలే, వాళ్ళ సమస్య పేరు కాదు, ఖాతాది. చాలామందికి ఖాతాకి ఆధార్ ఇచ్చేస్తే చాలనే అనుకోలు. ప్రభుత్వ సొమ్ము నేరుగా పడాలంటే ఆ ఖాతాని డబ్బు బదిలీ కోసం ఆధార్‌తో మ్యాప్ చేయించాలి. సీడింగ్ అంటారు. ఇదివరకు ఎప్పుడో ఇంకో బ్యాంకులో చేయించి ఉంటే డబ్బు అక్కడికే పోతుంది. ఒక అమ్మాయి సొమ్ము అలాగే చిన్నప్పుడు బడిలో తెరిపించిన ఖాతాలో పడి ఉంది. ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఆ వారాల్లో నా రోజు తెల్లవారుజామున అయిదున్నరకి గ్రౌండులో మొదలయ్యేది. ఎనిమిదికి స్నానం, తొమ్మిదికి క్లాసు, మధ్యాహ్నం తిండి తినే అరగంటలో ఆఫీసు కిటికీ దగ్గర క్యూ, నాలుగున్నరకి మళ్ళీ గ్రౌండు, రాత్రి పదకొండు దాకా దరఖాస్తులు. పడుకునే ముందు ఒక నోటుబుక్కులో ఆ రోజు జరిగింది నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. కార్తీక పున్నమి తెల్లవారుజామున ఊరంతా చెరువుల దగ్గరికి పోయి అరటిదొప్పల పడవలు వదులుతోంది, ఒడియావాళ్ళు దాన్ని బొయితొ బందాణ అంటారు. నేను హాస్టల్ మెట్ల మీద కూర్చుని పదకొండు ఫైళ్ళకి దారం కడుతున్నాను. ఆ రోజు రాసుకున్నది ఒక్క ముక్క: "దీపం పెట్టలేదు. మామ్మకి చెప్పకూడదు."

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి.

దరఖాస్తుకి పదకొండు పేర్ల జాబితా జతచేశాను. నా చేత్తో, నా అక్షరాలతో. వేగం కోసం ఒక్కదాన్నే కూర్చుని రాసేశాను. అందులో ఒక సెకండియర్ అమ్మాయి పేరు అన్ని కాగితాల్లోనూ 'బ'తో మొదలైంది. తెలుగు పిల్ల, పేరు చూస్తే 'వ' అనే ఉండాలి, ఎవరో ఒడియా గుమాస్తా మార్చేసి ఉంటాడని నాకు నేనే తీర్మానించుకుని 'వ' అని దిద్దాను. ఆమెని అడగలేదు. ఆ అమ్మాయికి కావలసింది ఖాతా సీడింగ్ ఒక్కటే. నా జాబితా చూసి ఆఫీసులో బ్యాంకుకి ఉత్తరం కొట్టిచ్చారు. పేరు కలవలేదని బ్యాంకువాళ్ళు తిప్పి పంపేశారు. పది రోజులు పోయాయి. ఈలోగా మెస్ డబ్బు కట్టే గడువు దాటింది. అడగడానికి సిగ్గుపడి ఆ పిల్ల నాలుగు రోజులు క్లాసులు మానేసి ఇంటికెళ్ళి కూర్చుంది.

తిరిగొచ్చాక నా గదికొచ్చింది. కోపం లేదు, గొంతు నెమ్మదిగా ఉంది. "అక్కా, మా తాత నన్ను 'బ'తోనే పిలిచేవాడు. మా ఇంట్లో అందరికీ నేను అలాగే. నా పేరు తప్పని నీకెవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంతమంది పేర్లు పాడు చేశారని ఎవరెవరి మీదో కోపం పెట్టుకుని తిరుగుతున్నాను. వాళ్ళూ సరిగ్గా ఇలాగే చేసి ఉంటారు. ఎదురుగా పిల్ల నిలబడి ఉంటే ఆమెనే అడగకుండా, తమకి సరైనదని తోచింది రాసేసి ఉంటారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నోటుబుక్కులో చాలా రాసి కొట్టేశాను. పొద్దున్నే ఆమె దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. తర్వాత జాబితా చించేసి, ఖాళీ కాగితం ఒకటి గది గదికీ తీసుకెళ్ళాను. ఎవరి పేరు వాళ్ళే రాయాలి, తమకి ఏ పేరు కావాలో అదే, తమ చేత్తోనే. ఒకరు నీలం పెన్ను, ఒకరు నలుపు, ఒకరు ఒడియాలో రాసి కింద ఇంగ్లీషులో. ఒకమ్మాయి అయిదు నిమిషాలు పెన్ను పట్టుకుని ఆలోచించింది. తనకేది కావాలని ఇంతవరకూ ఎవరూ అడగలేదంది.

సభ పన్నెండో పని దినాన పెట్టారు. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి ఛత్రపురంలో, కాలేజీల మధ్య పోటీల్లో మా మొదటి మ్యాచ్. నేను లెక్కకి రాను కాబట్టి రాలేనని చెప్పినా ఎవరూ అడ్డుపడరు. కోచ్ సార్ కూడా "నీ ఇష్టం, జట్టుకి మాత్రం ఎడమ కార్నర్ లేకపోతే కష్టం" అన్నారు. అధ్యక్షురాలైన మేడమ్‌ని కలిసి అడిగితే, మూడింటికి అనుకున్న సభని ఉదయం పదింటికి జరిపారు. దానితోపాటు ఇంకోటి కూడా అడిగాను. నేను ఒక్కదాన్నే చెప్పను, ముగ్గురు అమ్మాయిల్ని వెంట తెచ్చుకుంటాను. మేడమ్ కాసేపు ఆలోచించి సరే అన్నారు.

పొడవాటి బల్ల, పైన ఆకుపచ్చ గుడ్డ, స్టీలు గ్లాసుల్లో నీళ్ళు. ఆట డ్రస్సు మీదే చుడీదార్ వేసుకుని వెళ్ళాను. మొదట ఒక సార్ అన్నారు, పిల్లలే జాగ్రత్తగా ఫారం నింపుకుంటే ఇదంతా ఉండదు కదా అని. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు. నేను అడిగాను, "సార్, మన బరంపురంలో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారి పేరులో మొదటి 'వి' అంటే ఏమిటి?" ఎవరూ వెంటనే చెప్పలేదు. "వరాహగిరి. అది వాళ్ళ ఇంటిపేరు. వరాహగిరి వెంకట గిరి. ఆయన ఇవాళ మన పోర్టల్‌లో ఫారం నింపితే మొదటి పేరు గడిలో ఏం రాయాలి, చివరి పేరు గడిలో ఏం రాయాలి సార్?" మేడమ్ తన పెన్ను మూత పెట్టి ఫైలు దగ్గరికి లాక్కున్నారు. ఆ తర్వాత ఫారం గురించి ఆ సార్ ఇంకేమీ అనలేదు, ఒక్కొక్క కాగితం తీసి కళ్ళజోడు పైకెత్తి చూడటం మొదలుపెట్టారు.

అప్పుడు 'బ' అమ్మాయి లేచింది. ఆమెని మాట్లాడమని నేను అడగలేదు. ఒడియాలో చెప్పింది, మాకందరికీ అర్థమయ్యేలా నిదానంగా. చిన్నప్పుడు బడిలో చేర్చుకునేటప్పుడు "తుమొ నా కొణొ?", నీ పేరేమిటి, అని అడిగారట. చెప్పిందట. రాసుకున్నారట. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ మాట మళ్ళీ ఎవరూ అడగలేదు, ఈ అక్క కూడా అడగలేదు, అని నా వైపు చూపించింది. నేను తల వంచుకోలేదు. అవును, అడగలేదని అన్నాను. నా తప్పు వల్లే ఈమె ఫైలు ఆగిందని మినిట్స్‌లో రాయమన్నాను. రాశారు.

సిఫారసులు ఇలా వచ్చాయి. స్కాలర్‌షిప్ ఫారాలు పంపే ముందు వారానికి రెండు రోజులు ఆఫీసులో ఒక బల్ల వేసి, విద్యార్థి ఎదురుగానే మూడు కాగితాలూ సరిచూడాలి. అక్కడ ఒడియా, తెలుగు రెండూ వచ్చిన ఒకరు ఉండాలి. నోటరీ అఫిడవిట్ అవసరమైనవాళ్ళకి ఆ ఖర్చు కాలేజీ భరించాలి. మెస్ బాకీ ఉన్నవాళ్ళని స్కాలర్‌షిప్ పడేదాకా ఒత్తిడి చేయకూడదు. చివరిది ఒక మేడమ్ తనంతట తానే చేర్పించారు, నేను అడగాలని కూడా అనుకోలేదు. అడిగి ఉండాల్సింది.

ఇదే పని మీదున్నవాళ్ళకి ఉపయోగపడుతుందని, మేం తెలుసుకున్న వరస చెప్తాను. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న పేరు మీకు సరైనదే అయితే దాన్ని కదపకండి, మిగతావి దానికి తగ్గట్టు మార్చుకోండి. అన్నిటికన్నా తేలిక బ్యాంకు పుస్తకం. ఆధార్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. మా అమ్మాయిల్లో ఒకరు ఒకసారి అప్పటికే వాడేసుకుంది, అదీ తప్పుగా. సర్టిఫికెట్లోనే తప్పుంటే బోర్డుకి వెళ్ళక తప్పదు, అది కటక్‌లో ఉంది.

సభ అయ్యేసరికి పన్నెండు దాటింది. ఛత్రపురం ఇరవై కిలోమీటర్ల పైమాటే. బస్సులో నిలబడే అరటిపండు తిని, దిగుతూనే పరుగెత్తాను.

కబడ్డీలో కార్నర్ పని తెలియనివాళ్ళకి కాస్త చెప్తాను. కూతకొచ్చిన రైడర్‌కి ముప్ఫై సెకన్లు. మేం ఏడుగురం చేతులు పట్టుకుని విల్లులా నిలబడతాం. నేను ఎడమ చివర. నా చెయ్యి పట్టుకునేది ఒడియా అమ్మాయి, మూడేళ్ళుగా ఆమే. కూత వినపడుతుండగా మాట్లాడుకోవడం కుదరదు. ఆమె చిటికెన వేలితో నా అరచేతిలో ఒకసారి నొక్కితే పట్టు, రెండుసార్లు నొక్కితే ఆగు. రైడర్ నా వైపు కాలు చాపినప్పుడు నా కళ్ళు ఆ పాదం మీదే ఉంటాయి, నడుము ఎటు తిరుగుతోందో నాకు కనపడదు. నా భాగస్వామికి కనపడుతుంది. ఆ రోజు రెండో సగంలో మా వైపు ముగ్గురమే మిగిలాం. అవతలి రైడర్ పొడగరి. రైడర్ తప్పక దాటాల్సిన బాక్ లైన్ గీత దాటి బొటనవేలు నా మోకాలి దాకా చాపింది. ఎప్పుడూ ఎగిరి పడే నేను ఆగాను. రెండుసార్లు నొక్కింది మరి. రైడర్ కాలు వెనక్కి తీసుకుని మళ్ళీ చాపింది. అప్పుడు ఒక్క నొక్కు. రెండు చేతులతో చీలమండ పట్టేశాను, పసుపు కట్టు ఊడి నేల మీద పడింది, నా భాగస్వామి వచ్చి ఆమె నడుము మీద పడింది. ముగ్గురే ఉండి పట్టినందుకు సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. ఆ మ్యాచ్ గెలిచాం. మర్నాడు సెమీఫైనల్లో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తిరుగు బస్సులో అందరం ఏడ్చాం, ఆ తర్వాత మిక్చర్ పొట్లాలు విప్పుకుని తిన్నాం.

ఆదివారం ఇంటికెళ్ళాను. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య నది మొగ వైపు తాబేళ్ళని కాపాడటానికి చేపల వేట ఆపుతారు. ఆ రోజుల్లో నాన్న బోటు ఇటువైపే తిరగాలి, చేపలు తక్కువ పడతాయి, మాటలూ తక్కువ అవుతాయి. ఒడ్డున వల సరిచేస్తుంటే పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. 'బ' సంగతి కూడా. నాన్న నూలుకండె తిప్పుతూ విని, "ఆ గుంట మంచిదే, మొహాన సెప్పింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మామ్మ మాత్రం లోపల్నించి వచ్చి, "పున్నమికి దీపం ఎట్టావా?" అని అడిగింది. లేదన్నాను. ఏమనలేదు. సందెవేళ నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళి, అరటిదొప్ప నా చేత్తోనే వదిలించింది. అల రెండుసార్లు వెనక్కి తోసింది. మూడోసారి లోపలికి వెళ్ళింది.

పదకొండులో ఆరుగురివి బ్యాంకు పనితోనే అయిపోయాయి, అందులో 'బ' అమ్మాయిదీ ఉంది. మొన్న శుక్రవారం క్లాసు మధ్యలో మెసేజ్ వచ్చిందట, నాకు ఫోను తెచ్చి చూపించింది. ఇద్దరివి ఆధార్ దిద్దుబాటులో ఉన్నాయి. మిగిలిన ముగ్గురికీ సర్టిఫికెట్టే తప్పు. వాళ్ళలో ఒకరు అందరికన్నా ముందు వచ్చి మంచం మీద కాగితాలు పరిచిన ఫస్టియర్ పిల్ల. సోమవారం తెల్లవారుజామున రైలుకి మేం నలుగురం కటక్ బయల్దేరుతున్నాం. ఆ పిల్ల తండ్రి కూడా వస్తానన్నాడు. ఒడియా చదవలేడు, సంతకం మాత్రం తెలుగులో పెడతాడు. అఫిడవిట్ మీద తన సంతకం కావాలేమోనని రెండుసార్లు ఫోను చేసి అడిగాడు. అందరికీ చేపల పులుసు, అన్నం కట్టించుకొస్తాడట, మమ్మల్ని దారిలో ఏమీ కొనొద్దన్నాడు.